స్వానుభవ వ్యాసం – నాలుగో పాఠం: గాదె మూత

కిందటి పాఠంలో అడిగినట్టు మీ ఊరి వరద గురించో, తుఫాను గురించో ఒక పేజీ రాసి పక్కన పెట్టుకున్నారు కదా. ఇప్పుడు దాన్ని తీసి బాధ, భయం, మరువలేని అన్న మాటలు కనిపించిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టండి. గోదావరి లంకల్లో పెరిగిన మనకు ఈ గీతలు ఎక్కువే పడతాయి. జరిగింది పెద్దది కాబట్టి పెద్ద మాటలే కావాలనిపిస్తుంది.

నా తొలి ప్రతిలో ఒక వాక్యం ఇలా ఉండేది: "1986 ఆగస్టు వరద మా కుటుంబాన్ని తీరని దుఃఖంలో ముంచింది." అబద్ధమేమీ లేదు. అయితే వరద చూడనివారు కూడా ఆ వాక్యం రాయగలరు. తిరగరాసినప్పుడు ఇలా వచ్చింది:

"నీళ్లు తీశాక నాయనమ్మ గాదె మూత తీసింది. ధాన్యం మొలకెత్తింది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పులిసిన వాసన. గుప్పెడు తీసి చూసి, మళ్లీ అందులోనే పోసి, మూత పెట్టేసింది."

పాడైపోయిన ధాన్యానికి మూత ఎందుకు పెట్టిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు రాయలేదు కూడా. ఆమె చెయ్యి ఏం చేసిందో వరసగా చెప్పాను.

గాదెను ధాన్యాగారం చేయకండి. సఖినేటిపల్లి రేవులో మీరు గోదావరి దాటడానికి ఎక్కింది పంటు అయితే, పడవ అనకుండా పంటు అనే రాయండి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్మారక పోటీకి రాసేవారికి ఇది మరీ అవసరం. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టినప్పుడు ఆయనది గ్రాంథిక శైలి. అధికారుల లంచాల గురించి, వితంతువుల దుస్థితి గురించి నలుగురికీ చెప్పాలనుకున్న మనిషి క్రమంగా తేలిక భాషలోకి వచ్చారు. తన జీవితాన్ని తానే రాసుకుని తెలుగులో స్వీయచరిత్రకు దారి వేశారు. అలాంటివారి పేరిట పోటీ అనగానే చాలామంది మొదటి పేరా అంతా ఆయన్ని పొగడడానికే ఖర్చు పెడతారు. ఆయన మీద నాకూ ఎంతో గౌరవం ఉంది, అందుకే చెబుతున్నాను: ఆ పేరా కొట్టేయండి. మీ గాదె దగ్గర మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసం: గీత పడిన మాటల్లో మూడింటిని ఎంచుకోండి. ఆ క్షణంలో ఎవరి చేతిలో ఏ వస్తువు ఉందో, దాన్ని ఏం చేశారో రెండేసి వాక్యాల్లో రాయండి. గుర్తు రాకపోతే అమ్మనో, పెదనాన్ననో అడగండి. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే కాగితం మీద పెట్టుకోండి, వచ్చే పాఠం సంభాషణ మీదే.