పెన్సిల్వేనియాలో తొలి జింక వేట: కొత్తగా వచ్చిన మనవాళ్లకు

పిట్స్‌బర్గ్, హారిస్‌బర్గ్ వైపు ఉద్యోగాలకు వచ్చినవాళ్లకు నవంబరు చివర్లో ఆఫీసు సగం ఖాళీ అయితే గానీ ఇక్కడ జింకల వేట ఎంత పెద్ద విషయమో తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పెరిగిన మనకు జింకను వేటాడటం అంటే నేరమే. ఇక్కడ మాత్రం జింకల సంఖ్యను అదుపులో ఉంచే పద్ధతి అదే. 19వ శతాబ్దం చివరికి ఈ రాష్ట్రంలో జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. 1895లో ఏర్పడిన గేమ్ కమిషన్ (వేటను, వన్యప్రాణుల్ని చూసే రాష్ట్ర సంస్థ) బయటి రాష్ట్రాల నుంచి జింకల్ని తెచ్చి వదిలింది, వేటకు హద్దులు పెట్టింది, లైసెన్సుల డబ్బుతో భూములు కొంది. అవే నేటి స్టేట్ గేమ్ ల్యాండ్స్, సుమారు 15 లక్షల ఎకరాలు. లైసెన్సు ఉంటే చాలు, అక్కడ ఎవరి పొలం గట్టు మీదా నిలబడి అనుమతి అడగక్కర్లేదు. ఉత్తరాన అల్లెగెనీ నేషనల్ ఫారెస్ట్ మరో 5 లక్షల ఎకరాలు.

ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయితే పెన్సిల్వేనియా లైసెన్సు ఏటా జూన్ 30తో ముగుస్తుంది. జూలై 1న కొత్తది చేతిలో లేకుండా బీరువాలో తుపాకీ ఉంటే అది చిన్న పొరపాటు కింద పోదు, ఈ దేశంలో మీ ఉనికికే ముప్పు. కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును తప్పకుండా అడగండి. నన్నడిగితే మొదటి రెండేళ్లు విల్లుతోనే వెళ్లమంటాను. ఫెడరల్ చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కిందికి రాదు, పైగా దానితో జింకకు బాగా దగ్గరకు వెళ్లాలి కాబట్టి అడవి త్వరగా అర్థమవుతుంది. ఏదైనా సరే, తొలిసారి లైసెన్సుకు హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. ఆన్‌లైన్‌లోనూ ఉంది.

అసలు పని నడక. కొత్తవాళ్లు సీజన్ తెరిచిన రోజునే తొలిసారి అడవిలో అడుగుపెడతారు, ఖాళీ చేతులతో వస్తారు. మీరు ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లండి. ఆకులు రాలిపోయి, మంచు కరిగి, నిరుటి జాడలన్నీ బయటపడి ఉంటాయి. మగజింక కొమ్ములు రాసి బెరడు ఊడగొట్టిన చెట్లు, గిట్టలతో నేల గీరిన చోట్లు, పొదల చాటున పడుకున్న గుంటలు, పెంటికలు, వాగు దాటే దారులు దొరుకుతాయి. ప్రతిదాన్నీ ఫోన్ మ్యాపులో గుర్తుపెట్టుకోండి. రెండు గుట్టల నడుమ నేల కిందికి వంగిన చోటు, వాలు మధ్యలో చదునుగా ఉన్న మెట్టు జింకలకు నచ్చిన దారులు. నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపే కాంటూర్ మ్యాపులో వాటిని ఇంట్లో కూర్చునే వెతకొచ్చు.

సెప్టెంబరులో మళ్లీ వెళ్లి తెల్ల ఓక్ చెట్లు కాశాయో లేదో చూడండి. ఎర్ర ఓక్ కాయల కన్నా వీటిలో వగరు తక్కువ, జింకలు ముందు వీటి దగ్గరికే వస్తాయి. ఏ చెట్టు కింద తాజా పెంటికలు ఉంటే కాపు కాయాల్సింది అక్కడే. నవంబరు మొదటి సగంలో ఎద కాలం. అప్పుడు మగజింకలు జాగ్రత్త మరచి పగలే ఆడజింకల వెంట తిరుగుతాయి. ఇక గాలి. ఎండెక్కాక అది వాలు మీదుగా పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి లోయలోకి దిగుతుంది. మీ వాసన జింక వైపు పోతుంటే ఎంత మంచి చోటైనా ఆ రోజుకు వదిలేయాల్సిందే. చాలామంది వేటగాళ్లు కారు ఆపిన చోటికి దగ్గర్లోనే ఉండిపోతారు. వాగో నిటారు గట్టో అడ్డున్న చోటికి వెళితే పోటీ తగ్గుతుంది, కానీ జింకను అక్కడి నుంచి మోసుకు రావాల్సింది మీరేనని గుర్తుంచుకోండి.

నియమాల పుస్తకం ఏటా చదవాలి. తుపాకీ జింక సీజన్‌లో తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఉండాలి. నవంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా గేమ్ ల్యాండ్స్‌లో ఊరికే నడకకు వెళ్లినవాళ్లకూ ఇది తప్పనిసరి, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మరీ గమనించండి. జనం ఉండే ఇళ్లకు 150 గజాల లోపు తుపాకీ, 50 గజాల లోపు విల్లు వాడకూడదు. మేత చల్లి ఎర వేయకూడదు. జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (పేలిన ప్రతిసారీ తర్వాతి తూటాను తానే ఎక్కించుకునేది) చెల్లదు. పిట్స్‌బర్గ్ వైపు మగజింకకు ఒక కొమ్ముకైనా, కనుబొమ్మ దగ్గరి మొన లెక్కలోకి తీసుకోకుండా, మూడు మొనలుండాలి. మసక వెలుతురులో లెక్క తేలకపోతే వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనే కూడదు. అవతల కదిలింది మనిషి కాదని రూఢి అయ్యేదాకా కూడా అంతే.

జింక పడ్డాక కదిలించకముందే లైసెన్సుతో వచ్చిన ట్యాగు (వేట వివరాలు రాసే చీటీ) నింపి దానికి కట్టండి. పేగులు వెంటనే తీసేయండి, నవంబరులో కూడా మధ్యాహ్నపు ఎండకు మాంసం పాడవుతుంది. జింకను వేటాడిన సంగతి 10 రోజుల్లోపు గేమ్ కమిషన్‌కు తెలపాలి. 2012 నుంచి ఈ రాష్ట్రంలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల వ్యాధి ఉంది. అది గుర్తించిన ప్రాంతాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకురాకూడదు. అక్కడ కమిషన్ పెట్టిన డబ్బాల్లో తల వేస్తే ఉచితంగా పరీక్షిస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి. మీకు సరిపడినంత ఉంచుకుని మిగతాది ఇవ్వాలనుకుంటే 'హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్' అనే సంస్థ ద్వారా ఆకలితో ఉన్న కుటుంబాలకు చేరుతుంది, ఆ సంస్థతో కలిసి పనిచేసే మాంసం దుకాణంలో జింకను అప్పగిస్తే సరిపోతుంది.