రికమండేషన్ లేకుండా లా ఫర్మ్ ఇంటర్న్‌షిప్‌కి ఎలా అప్లై చేయాలి?

"తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే లా ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్ వస్తుందా అండీ?" లా విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న ఇదే. వస్తుంది. నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల్లో ఈ పని చూసుకోవడానికి విద్యార్థుల కమిటీలే ఉంటాయి, పెద్ద ఫర్మ్‌ల్లో వాళ్ల సీనియర్లు పనిచేస్తుంటారు. లాసెట్ రాసి ఉస్మానియా, ఆంధ్రా, నాగార్జున యూనివర్సిటీల పరిధిలోని కాలేజీల్లో చేరినవాళ్లు ఎవరి మెయిల్ వాళ్లే పంపుకోవాలి. కాబట్టి వీళ్లకి దారి కాస్త పొడుగు.

అయితే ఆ మెయిల్స్ చదివే వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మన పిల్లలు చాలామంది తమకు నిజంగా వచ్చిన పనిని సీవీలో రాయరు. జిల్లా కోర్టులో తిరిగింది, తెలుగు దస్తావేజు చదవగలిగింది చిన్నతనంగా భావించి పక్కన పెడతారు. ఎవరో నేషనల్ లా యూనివర్సిటీ విద్యార్థి సీవీ చూసి, అందులో ఉన్న మూట్‌లూ (కాలేజీల్లో జరిగే నమూనా కోర్టు వాదన పోటీలు) సర్టిఫికెట్లూ లాంటివి ఎలాగోలా పోగేసి నింపుతారు. ఆ పోటీలో ఎలాగూ వెనకబడతారు. కింద చెప్పేదంతా దీన్ని తిరగేయడం గురించే.

ముందు వారాల లెక్క వేసుకోండి

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సువాళ్లు మొత్తం మీద కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. చదువు పూర్తయ్యేలోపు ట్రయల్ కోర్టు లాయర్ దగ్గర, అప్పీలు కోర్టు లాయర్ దగ్గర ఒక్కసారైనా చేసి ఉండాలి.

ఈ నిబంధనను భారం అనుకోకుండా వరస పెట్టుకోవడానికి వాడుకోండి. మొదటి వేసవి సొంత ఊరి కోర్టులో, అనుభవం ఉన్న ట్రయల్ లాయర్ దగ్గర గడపండి. రెండోసారి హైకోర్టు లాయర్ ఆఫీసుకు వెళ్లండి. తెలంగాణవాళ్లకి హైదరాబాద్, ఆంధ్రవాళ్లకి అమరావతి. ఫర్మ్ వంతు ఆ తర్వాత. పెద్ద ఫర్మ్‌లు చాలావరకు ఆఖరి రెండేళ్లలో ఉన్నవాళ్లనే తీసుకుంటాయి కూడా. రెండో ఏడాదిలోనే ఎలాగో పెద్ద ఫర్మ్‌లో దూరితే ఏం జరుగుతుందంటే, మీకు ఇవ్వదగ్గ పని వాళ్ల దగ్గర ఉండదు. ఫైళ్లకి ఇండెక్స్ వేస్తూ నెల గడిచిపోతుంది.

ఎక్కడికి పంపాలి?

లా ఫర్మ్ అనగానే అందరికీ అవే నాలుగైదు పేర్లు గుర్తొస్తాయి: సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖైతాన్, ఏజెడ్‌బీ, ట్రైలీగల్. వీటికి పంపండి, తప్పులేదు. కాకపోతే దేశంలో ఉన్న లా విద్యార్థులంతా అక్కడికే పంపుతారని గుర్తుంచుకోండి.

అందుకే ఫర్మ్ పేరు కంటే ముందు పని రకం ఎంచుకోవాలి. పన్నుల మీద ఆసక్తి ఉంటే లక్ష్మీకుమారన్ అండ్ శ్రీధరన్ లాంటి, ట్యాక్స్ పనికి పేరున్న ఫర్మ్‌లు ఉన్నాయి. దివాలా కేసులు నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్) బెంచ్ ఉంది. అక్కడి కాజ్‌లిస్ట్, అంటే ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా, రోజూ వెబ్‌సైట్లో పెడతారు. రెండు వారాలు దాన్ని చూస్తే ఏ లాయర్ల పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయో తెలిసిపోతుంది. వాళ్లలో కొందరు పదిమందితో నడిచే చిన్న ఫర్మ్‌ల వాళ్లే అయ్యుంటారు. అలాంటి చోట ఇంటర్న్‌కి డ్రాఫ్టింగ్ చేతికొస్తుంది, సీనియర్ వెంట హియరింగ్‌కి వెళ్లే అవకాశమూ ఉంటుంది. నన్నడిగితే మొదటి ఫర్మ్ ఇంటర్న్‌షిప్‌కి ఇదే మంచిది.

అయిదారు ఫర్మ్‌లు ఎంచుకుని, ఒక్కోదానికి విడిగా రాయండి. ఒకే మెయిల్‌ని బీసీసీలో నలభై చోట్లకి పంపితే అది ఇట్టే తెలిసిపోతుంది. పాత మెయిల్‌ని కాపీ చేసి పక్క ఫర్మ్ పేరు మార్చడం మర్చిపోయేవాళ్లూ తక్కువేం కాదు.

ఎప్పుడు?

మే, జూన్, డిసెంబర్ నెలలకి అందరూ ఎగబడతారు. పెద్ద ఫర్మ్‌లకి కనీసం నాలుగైదు నెలల ముందు పంపాలి. కొన్నిటికి వెబ్‌సైట్లో ఫారం ఉంటుంది. ఫారం ఉన్నచోట మెయిల్ పంపితే ఎవరూ చూడరు. చిన్న ఆఫీసులకి నెలా, రెండు నెలల ముందు చాలు. సెలవుల నెలలు కాకుండా ఫిబ్రవరిలోనో సెప్టెంబర్‌లోనో వెళ్లగలిగితే పోటీ తగ్గుతుంది. పైగా హైకోర్టుకు వేసవి సెలవులుండే మే నెలలో కంటే అప్పుడు చూడ్డానికి ఎక్కువ ఉంటుంది. కాలేజీ అటెండెన్స్ సంగతి మాత్రం ముందే తేల్చుకోండి.

సీవీలో ఏం రాయాలి

ఒక పేజీ, మహా అయితే రెండు. ఫొటో, తండ్రి పేరు, మతం, "నాకు తెలిసినంతవరకు పైవన్నీ నిజం" అనే డిక్లరేషన్ అక్కర్లేదు. "కష్టపడే స్వభావం, టీమ్ స్పిరిట్" లాంటి మాటలూ తీసేయండి. ఐపీసీ, సీఆర్‌పీసీ అని పాత అలవాటుగా రాసి వదిలేయకండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత నడుస్తున్నాయి. పాత కేసుల గురించి రాస్తున్నప్పుడు పాత పేరు సరే.

చేసిన పనిని ఎలా రాస్తారన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "జిల్లా కోర్టు న్యాయవాది వద్ద ఇంటర్న్. లీగల్ రీసెర్చ్, డ్రాఫ్టింగ్ చేశాను." దీన్ని చదివినవాళ్లకి ఏమీ తెలియదు. అదే పనిని ఇలా రాసి చూడండి: "గుంటూరు జిల్లా కోర్టు, నాలుగు వారాలు. చెక్ బౌన్స్ కేసుల్లో నోటీసు, గడువు తేదీల పట్టిక తయారు చేశాను. ఒక ఆస్తి విభజన దావాలో తెలుగు సాక్ష్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చాను. సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ వేసి తెచ్చాను." ఇది చదివిన అసోసియేట్‌కి, అంటే ఫర్మ్‌లోని జూనియర్ లాయర్‌కి, మీకు ఏ పని ఇవ్వొచ్చో వెంటనే తోస్తుంది.

ఇక తెలుగు. భాషల వరుసలో చివర "తెలుగు (మాతృభాష)" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. హైదరాబాద్‌లో భూములు కొనే కంపెనీలకి, అప్పులిచ్చే బ్యాంకులకి ఫర్మ్‌లు టైటిల్ రిపోర్టులు (భూమి హక్కు ఎవరిదో తేల్చే నివేదికలు) రాస్తాయి. దానికోసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తిరగేయాలి, లింక్ డాక్యుమెంట్లు (చేతులు మారిన పాత దస్తావేజులు) వరసపెట్టాలి, పహాణీలు (గ్రామ భూమి రికార్డులు) చదవాలి. తెలంగాణ భూములైతే 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. అందులో ఉర్దూ మాటలు కూడా తగులుతాయి. ఆంధ్ర వైపు ఇలాంటి రికార్డులు అడంగల్, 1-బి. డిల్లీ నుంచో ముంబై నుంచో వచ్చిన అసోసియేట్ ఎంత తెలివైనవాడైనా చేతిరాత దస్తావేజులో హద్దులు చదవలేడు. "తూర్పు: ఫలానావారి పొలం, పడమర: పుంత" అని ఉంటే పుంత అంటే బండ్ల బాట అని మీకు తెలుసు. దాన్ని సీవీలో ఒక పూర్తి వాక్యంగా, పైభాగంలో రాయండి: రిజిస్టర్డ్ దస్తావేజులు, పహాణీలు తెలుగులో చదివి ఇంగ్లిష్‌లో సారాంశం రాయగలను. నిజంగా రాకపోతే ఇంట్లో ఉన్న పాత కాగితాలు తీసి ఒక ఆదివారం కూర్చోండి. నాన్నగారినో తాతగారినో పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ లా కాలేజీలోనూ చెప్పని పాఠం అవుతుంది.

మూట్ కోర్టులు, వ్యాసాలు ఉంటే రాయండి. డబ్బు కట్టి అచ్చు వేయించుకున్న "ఇంటర్నేషనల్ జర్నల్" వ్యాసం రాయకపోవడమే మేలు. చదివేవాళ్లకి ఆ జర్నళ్ల సంగతి తెలుసు.

మెయిల్

ఇంగ్లిష్‌లోనే రాయాలి, చిన్నగా. సబ్జెక్ట్ లైన్‌లో ఏ నెల, ఏ ఆఫీసు, ఏ ఏడాది చదువుతున్నారో ఉండాలి. లోపల మూడు చిన్న పేరాలు: మీరెవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఖాళీ; ఆ టీమ్ చేసే పని మీద ఆసక్తి ఎందుకు; వచ్చిన రోజు నుంచే ఏ పని చేయగలరు. రెండో పేరాలో "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని మొదలుపెడితే అక్కడితో చదవడం ఆపేస్తారు. "మీ ఆఫీసు ఎన్‌సీఎల్‌టీలో వాదించిన ఫలానా కేసు ఆర్డర్ చదివాను, అందులో దివాలా చట్టం సెక్షన్ 9 కింద ముందే వివాదం ఉందా లేదా అన్న చర్చ నాకు ఆసక్తి కలిగించింది" అంటే నమ్ముతారు. చదవకుండా రాస్తే మాత్రం ఫోన్‌లో అడిగినప్పుడు దొరికిపోతారు.

"రెస్పెక్టెడ్ సర్" అని మాత్రమే రాయకండి. చదివేది మేడమ్ కావచ్చు. సీవీని పీడీఎఫ్‌గా, ఫైలుకి మీ పేరుతో పంపండి. పది రోజులకి జవాబు రాకపోతే అదే మెయిల్ కిందే రెండు వాక్యాల్లో గుర్తు చేయండి. వాట్సాప్‌లో పార్ట్‌నర్‌కి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెట్టి అవకాశం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రాత నమూనా అడిగితే

కొన్ని ఫర్మ్‌లు ఒక చిన్న ప్రశ్న ఇచ్చి నోట్ రాయమంటాయి. ఉదాహరణకి: చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మార్చి 3న తెలిపింది. క్లయింట్ ఏప్రిల్ 1న నోటీసు పంపాడు. అది ఏప్రిల్ 5న అందింది. డబ్బు రాలేదు. కంప్లయింట్ ఎప్పటిలోగా వేయాలి?

చాలామంది చెక్కులకి వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 1881లో వచ్చిందనే చరిత్ర నుంచి మొదలుపెట్టి, రెండు పేజీల తర్వాత కూడా తేదీ చెప్పరు. మీరు మొదటి లైన్లోనే చెప్పండి: మే 21 లోగా. తర్వాత లెక్క. సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లింది కాబట్టి అది సరిపోయింది. నోటీసు అందాక 15 రోజులు ఏప్రిల్ 20తో అయిపోయాయి. 21న కేసు వేసే హక్కు పుట్టింది. అక్కడి నుంచి నెల, అదే చట్టం సెక్షన్ 142 కింద. మొదటి రోజును లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు 1999లో సాకేత్ ఇండియా కేసులో చెప్పింది. చివర ఒక లైను: గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మాఫీ చేయమని అడగొచ్చు, కానీ దాని మీద ఆధారపడొద్దు. అర పేజీలో అయిపోతుంది.

తీర్పుల కోసం డబ్బు కట్టి వాడే మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ కాలేజీలో లేకపోయినా ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ ఉచితం. చాట్‌జీపీటీ ఇచ్చిన కేసు పేరుని తీర్పు తెరిచి చూడకుండా రాయొద్దు. 2023లో న్యూయార్క్ కోర్టు ఒకటి, లేని కేసుల్ని అలా ఉటంకించినందుకు లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఇంటర్న్‌కి జరిమానా ఉండదు, ఆ ఆఫీసు తలుపు మాత్రం మళ్లీ తెరుచుకోదు.

ఫోన్ ఇంటర్వ్యూ

పదిహేను నిమిషాలు ఉంటుంది. సీవీలో ఉన్న ప్రతి లైను మీదా ప్రశ్న రావచ్చు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడతారు. ఉచ్చారణను ఎవరూ పట్టించుకోరు. వాళ్లు చూసేది ఒక కేసులో జరిగింది వరసగా చెప్పగలరా లేదా అని. మీరు చూసిన ఒక కేసును ఎవరు ఎవరి మీద వేశారు, ఏం అడిగారు, ఎదుటివాళ్లు ఏమన్నారు, కోర్టు ఏం చేసింది అని రెండు నిమిషాల్లో పైకి చెప్పడం సాధన చేయండి. కక్షిదారుల పేర్లు చెప్పకుండా చెప్పాలి. ఆ జాగ్రత్తను కూడా వాళ్లు గమనిస్తారు. తెలియనిది అడిగితే "తెలియదు, చూసి చెప్తాను" అనండి. లాయర్లు క్లయింట్లతో రోజూ అనే మాటే అది.

డబ్బు సంగతి

పెద్ద ఫర్మ్‌లు కొన్ని స్టైపెండ్ ఇస్తాయి, చాలా ఆఫీసులు ఇవ్వవు. ఆఫర్ వచ్చాక మర్యాదగా అడగొచ్చు, తప్పేం లేదు. కర్నూలు నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ వచ్చి నెల ఉండాలంటే హాస్టల్, తిండి, మెట్రో ఖర్చు ఎంతో ముందే లెక్క చూసుకోండి. మోయలేకపోతే ఇంటి దగ్గర్లోని ఊళ్లో మంచి సివిల్ లాయర్ దగ్గర చేరండి. అది వెనకబడటం కిందికి రాదు.

మీ దగ్గరే డబ్బు తీసుకుని "ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్" సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. కాలేజీ ఒప్పుకున్నా, ఏ ఫర్మ్ దాన్ని పనిగా లెక్కేయదు.

చేరిన తర్వాత

తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు లేదా తెల్ల సల్వార్, నల్ల బూట్లు. కోటు, టై కోర్టుకి వెళ్లేరోజు కావాలా అని ఆఫీసులో అడగండి. మెడకి కట్టే తెల్ల బ్యాండ్, గౌను మాత్రం వేసుకోకూడదు, అవి బార్ కౌన్సిల్‌లో లాయర్లుగా ఎన్‌రోల్ అయినవాళ్లకే. ఆఫీసు గుమస్తాగారితో పరిచయం పెంచుకోండి. ఫైలింగ్‌లో అభ్యంతరం వస్తే ఎలా తీర్చాలో అసోసియేట్ల కంటే ఆయనకే బాగా తెలుసు. క్లయింట్ కాగితాల ఫొటో తీయడం, మీ సొంత మెయిల్‌కి పంపుకోవడం, "ఈరోజు ఇంత పెద్ద కేసులో పనిచేశా" అని లింక్డ్‌ఇన్‌లో పెట్టడం చేయకండి.

రోజూ సాయంత్రం ఏ పని చేశారో, ఏ సెక్షన్ చూశారో డైరీలో రెండు లైన్లు రాసుకోండి. కాలేజీకి ఇవ్వాల్సిన ఇంటర్న్‌షిప్ డైరీ అందులోంచే తయారవుతుంది, వచ్చే సీవీలో రాయాల్సిన లైను కూడా. ఆఖరి రోజున సర్టిఫికెట్ లెటర్‌హెడ్ మీద ఉందా, తేదీలు, వారాలు సరిగ్గా పడ్డాయా అన్నది ఆఫీసు గడప దాటకముందే చూసుకోండి. తర్వాత దిద్దించుకోవాలంటే వాయిదాల మీద వాయిదాలు పడతాయి.