కళ్లు మసకబారిన పామును చేతిలోకి తీసుకోకండి

అనంతపురం ఎండలకు మన పెదాలే పగులుతాయి. ఇంట్లో బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ ఉన్నవాళ్లు ఈ నెలల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గాలిలో తేమ లేకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి ఒంటికే అతుక్కుపోతుంది.

కళ్లు నీలంగా, పాలు కలిపిన నీళ్లలా మారాయంటే కుబుసం విడిచే సమయం దగ్గరపడినట్టే. దానికి సరిగా కనిపించదు, ఉలిక్కిపడి కాటేయొచ్చు. కొన్ని రోజులకు కళ్లు తేటపడతాయి, అయినా తొందరపడి పామును చేతిలోకి తీసుకోకండి. అసలు విడవడం ఆ తర్వాతే.

పాముకు తేమ అందేలా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు అది దూరేంత రంధ్రం చేసి, లోపల తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టు పరవండి. నీళ్లు కారేలా ఉండకూడదు.

విడిచిన కుబుసాన్ని వెలుతురులో పట్టి చూడండి. రెండు కంటి పొరలూ, తోక కొసా ఉండాలి. తోకకు ఉంగరంలా ముక్క మిగిలితే రక్తం ఆడక ఆ కొస చచ్చిపోతుంది. గోరువెచ్చని తడిగుడ్డలోంచి పామును దానంతట అదే పాకనివ్వండి, లాగొద్దు. కంటి పొర మిగిలితే మాత్రం గోటితో గీకకుండా పశువైద్యులకు చూపించండి.

ఇదంతా రిజిస్టర్ చేయించిన విదేశీ జాతుల గురించే. మన జెర్రిపోతునో నాగుపామునో పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.