పేటెంట్ లైసెన్స్ తీసుకోమని నోటీసు వస్తే ఏం చేయాలి?

నల్లగొండలో ముగ్గురు దోస్తులు కలిసి బోరు మోటారును ఫోన్‌తో నడిపించే స్టార్టర్ తయారు చేశారనుకుందాం. దేవరకొండ, అచ్చంపేట వైపు డీలర్లు కూడా తీసుకుంటున్నారు. ఇంతలో ఓ లాయరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు వస్తుంది: "మీ పరికరం మా క్లయింట్ పేటెంట్ కిందికి వస్తుంది, 15 రోజుల్లో లైసెన్స్ తీసుకోండి, లేదంటే కోర్టుకు వెళ్తాం." టెన్షన్ పడటం సహజమే. అయితే ఆ 15 రోజుల గడువు పెట్టింది లాయరు, చట్టం కాదు. అలాగని ఉత్తరాన్ని మూలన పడేయకూడదు.

మొదట, లాయరుకు ఫోన్ చేసి మాట్లాడకండి. "మీ మెషిన్ చూసే చేశామండీ" అని మాటవరసకు అన్నా తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో మీలో మీరు చేసుకునే చర్చలకూ ఇదే వర్తిస్తుంది. ఉత్తరం అందిందని, పరిశీలిస్తున్నామని రెండు ముక్కలు రాసి పంపండి. అందులో పేటెంట్ నంబరు లేకపోతే అడగండి. ఏ క్లెయిము (పేటెంట్‌లో హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం) మీ పరికరానికి ఎలా వర్తిస్తుందో కూడా రాతపూర్వకంగా చెప్పమనండి.

తర్వాత ఆ నంబరును పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఇది ఉచితం. అది మంజూరైన పేటెంటా, ఉత్త దరఖాస్తేనా చూడండి. మంజూరు కాకుండా ఉల్లంఘన దావా వేయలేరు. అమెరికా పేటెంట్ అయితే, ఇక్కడే తయారు చేసి ఇక్కడే అమ్మే మీకు దానితో పని లేదు. పేటెంట్ ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, అదీ రెన్యువల్ ఫీజులు కడుతూ ఉంటేనే. ఫీజు కట్టక ఆగిపోయినా 18 నెలల్లోపు పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకునే వీలుంది కాబట్టి ఆ తేదీ కూడా చూసుకోండి.

అసలు పని క్లెయిముల దగ్గర మొదలవుతుంది. పేటెంట్ శీర్షిక, సారాంశం చూసి భయపడొద్దు. హక్కు ఎంతవరకో చెప్పేవి చివర్లో ఉండే క్లెయిములే. ఒకటో క్లెయిమును ముక్కలుగా విడగొట్టి కాగితం మీద రాయండి. ఉదాహరణకు: మిస్డ్ కాల్‌తో మోటారు ఆన్ కావడం, మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకోవడం, బోరులో నీళ్లు లేక మోటారు ఉత్తగా తిరుగుతుంటే కరెంటులో తేడా పట్టి ఆపేయడం, ఆపినట్టు రైతుకు మెసేజ్ పంపడం. ఒక్కోదాని ఎదురుగా మీ డబ్బాలో అది ఉందో లేదో రాయండి. మామూలుగా నాలుగూ ఉంటేనే ఉల్లంఘన. మూడే ఉంటే మీకు మంచి వాదన దొరికినట్టే. కానీ లేని ముక్క చేసే పనినే మీరు ఇంకో రకంగా చేస్తుంటే, రెండూ ఒకటేనని కోర్టు అనుకునే ప్రమాదం ఉంది. పేటెంట్ ఏజెంటుకు (పేటెంట్ పనులు చూసే నిపుణుడికి) ఫీజు ఇవ్వాల్సింది ఈ కాగితం చూపించడానికే. ఇక్కడ పొదుపు చేయకండి.

మన దగ్గరి సంగతే చూడండి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంట్ పొందారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టడం, పోచంపల్లి నేతలో అంతకుముందు నుంచీ ఉన్న పనే. దాని మీద కొత్తగా ఎవరికీ పేటెంట్ రాదు, ఆ పని చేసే కొత్త యంత్రానికి వస్తుంది. అలాగే "ఫోన్‌తో మోటారు నడపడం మొత్తం మాదే" అని ఎవరైనా అంటే, వాళ్ల దరఖాస్తు తేదీకి ముందే అలాంటివి వచ్చాయేమో వెతకండి. పాత కరపత్రం, తేదీ ఉన్న యూట్యూబ్ వీడియో, డీలరు బిల్లు దేన్నీ వదలొద్దు. మంజూరు ప్రకటన వెలువడిన ఏడాదిలోపైతే పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరం వేయొచ్చు. ఆ తర్వాత రద్దు కోసం హైకోర్టుకు వెళ్లాలి. తీర్పు వచ్చేలోపు వాయిదాల ఖర్చే చిన్న కంపెనీని తినేస్తుంది కాబట్టి, కేసు గట్టిగా ఉన్నా బేరానికి తలుపు తెరిచే ఉంచండి.

బేరానికి కూర్చునే ముందు, గొడవంతా మీరు బయట కొని స్టార్టర్‌లో పెట్టిన సిమ్ మాడ్యూల్ (సిమ్ కార్డుతో ఫోన్ సిగ్నల్ అందుకునే భాగం) గురించేనేమో చూసుకోండి. అలాగైతే సప్లయర్‌ను అడగండి. లైసెన్స్ ఉన్న కంపెనీ నుంచే కొన్నట్టు బిల్లు ఉంటే మీ చేతికి బలం వస్తుంది. చవకగా దొరికిందని బిల్లు లేని మాడ్యూళ్లు కొనేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

లైసెన్స్ తప్పదనుకుంటే, రాయల్టీ (పేటెంట్ వాడుకున్నందుకు అమ్మకాల మీద ఇచ్చే వాటా) శాతం కంటే ముందు అది దేని మీదో అడగండి. స్టార్టర్ మొత్తం ధర మీద రెండు శాతం కంటే లోపలి ఒక భాగం ధర మీద ఐదు శాతం తక్కువ పడొచ్చు. "ఏడాదికి కనీసం ఇంత" అనే షరతుకు తొందరపడి ఒప్పుకోకండి. స్టార్టర్లు యాసంగికి ముందు పోతాయి, మిగతా నెలల్లో షాపులోనే ఉంటాయి. పేటెంట్ చెల్లుబాటును ప్రశ్నించకూడదనే షరతు, మీరు చేసే మెరుగుదలలన్నీ వాళ్లకే దక్కాలనే షరతు పేటెంట్ చట్టం సెక్షన్ 140 ప్రకారం చెల్లవు. అయినా ముసాయిదాల్లో దూరుస్తారు, కొట్టేయించండి. ఆధారం లేకుండా కోర్టు పేరు చెప్పి బెదిరిస్తుంటే సెక్షన్ 106 కింద మీరే దావా వేయొచ్చు.

నోటి మాట లైసెన్స్ చెల్లదు. రాసుకుని, సంతకాలు చేసి, పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించండి. పేటెంట్ గడువు తీరాక మూడు నెలల నోటీసుతో ఒప్పందం నుంచి బయటికి రావచ్చని సెక్షన్ 141 చెబుతోంది. ఆ తేదీని సంతకం పెట్టిన రోజే మీ లెక్కలు చూసే మనిషి డైరీలో రాయించండి. లేకపోతే తీరిపోయిన పేటెంట్‌కు రాయల్టీ వెళ్తూనే ఉంటుంది.