మెకానిక్‌ని ట్రైనింగ్‌కి పంపాలంటే ముందు కూలి లెక్క రాయండి

ఒంగోలులో నాకు లారీ ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆరుగురు పనివాళ్లు. మూడేళ్ల కిందట చీమకుర్తిలో గ్రానైట్ రాయి ఎత్తుకుని కృష్ణపట్నం పోర్టుకు పోతున్న బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన) లారీ ఒకటి మా షాపు ముందు ఆగింది. డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ లైటు వెలుగుతోంది, బండికి పికప్ లేదు. మా పెద్ద మేస్త్రికి 22 ఏళ్ల అనుభవం. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. "ఇంజన్ బ్రహ్మాండంగా ఉందన్నా, జబ్బు ఇందులో లేదు" అన్నాడు. నిజమే. సైలెన్సర్ వైపు పొగను కొలిచే సెన్సార్ పోయింది. అది పోతే బండిలోని కంప్యూటరే ఇంజను బలాన్ని తగ్గించేస్తుంది. బయటి నుంచి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే పరికరం) పట్టుకొచ్చిన పాతికేళ్ల కుర్రాడు పది నిమిషాల్లో సంగతి చెప్పి, 1,500 తీసుకుని వెళ్లాడు. ఆ పది నిమిషాలూ మా మేస్త్రి బనియన్ వేస్టుతో, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బళ్లు వచ్చాక లారీల్లోనే కాదు, మోటార్ సైకిళ్లలో కూడా ఇదే కథ. కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. చెవితో, చేత్తో నేర్చుకున్న విద్యకు ఇంకొంచెం జత కావాలి. పది రోజుల కోర్సు చాలు, ఎక్కువంటే నెల. ఆ కోర్సుకు డబ్బు ఎట్టా సర్దాలో నాలుగు షాపుల వాళ్లం కలిసి తంటాలు పడి తెలుసుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాను. ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు ఎక్కడ షాపు ఉన్నా పనికొస్తుంది.

మొదటిసారి నేను చేసిన తప్పు ముందు చెబుతాను. కోర్సు విజయవాడలో. ఫీజు 12,000 నేనే కట్టి, మా వాళ్లలో ఒకణ్ణి పంపాను. ఆరో రోజు పొద్దున్నే షాపు షట్టరు తీసేసరికి గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. "ఏంది అబ్బయా, వచ్చేశావ్?" అంటే, "పది రోజులు కూలి లేకపోతే ఇంట్లో ఎట్టా గడుస్తుందన్నా? పిల్లకి జ్వరం అంట, చేతిలో వంద కూడా లేదని మా ఆవిడ ఫోన్ చేసింది" అన్నాడు. ఫీజు గురించి ఆలోచించాను గానీ వాడి ఇంటి పొయ్యి గురించి ఆలోచించలేదు. తప్పు నాది.

అప్పటి నుంచి ఎవరిని పంపాలన్నా ముందు ఒక కాగితం తీసి ఇలా రాస్తాను:

ఫీజు 12,000
పది రోజుల కూలి, రోజుకు 800 చొప్పున 8,000
గది, భోజనం రోజుకు 500 చొప్పున 5,000
రానుపోను ఛార్జీలు, చిల్లర ఖర్చులు 1,000
మొత్తం 26,000

మీ ఊరిలో అంకెలు వేరే ఉంటాయి, కానీ నాలుగు వరుసలూ ఉండాలి. రెండో వరుస రాయకపోతే మనిషి మధ్యలో వచ్చేస్తాడు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే కోర్సుల్లో మొదటి వరుస సున్నా అవుతుంది. కొన్నింట్లో మూడోది కూడా పోతుంది. రెండో వరుస మాత్రం దాదాపు ఎప్పుడూ మన నెత్తినే ఉంటుంది. అందుకే చేతిలో ఉన్న డబ్బును ముందు కూలికి కేటాయించి, ఫీజుకు బయట దారి వెతకండి.

ఫీజు లేని దారుల్లో పాత మేస్త్రులకు బాగా కుదిరేది ఆర్‌పీఎల్. అంటే ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 జులైలో మొదలైంది, ఇది దాని కిందకే వస్తుంది. బడికి పోకుండా షాపులోనే పని నేర్చుకున్న మా మేస్త్రిలాంటి వాళ్ల కోసమే ఉన్న దారి. కొన్ని గంటల క్లాసు, ఆ తర్వాత పరీక్ష. పని రోజులు పెద్దగా పోవు. ఆటోమొబైల్ పనులకు కొలమానాలు తయారుచేసేది 2011లో పెట్టిన ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్. మీ దగ్గర ఏ సెంటర్‌లో ఏ బ్యాచ్ ఉందో స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, ఆధార్‌తో చూసుకోవచ్చు. రాష్ట్రం తరఫున 2014లో పెట్టిన స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది. జిల్లా ఆఫీసులో అడిగితే దగ్గరి సెంటర్ల సంగతి చెబుతారు. ఫోన్ చేసి ఊరుకోకండి, ఒక పూట పోయి కూర్చోండి. బ్యాచ్ నిండటానికి ఇద్దరు తక్కువైతే మనవాళ్లను వెంటనే తీసుకుంటారు.

అయితే ఆర్‌పీఎల్ వల్ల ఉన్న పనికి గుర్తింపు వస్తుందే తప్ప స్కానర్ వాడటం రాదు. కొత్త పని నేర్పాలంటే వేరే కోర్సు కావాలి.

పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్లకు ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) మంచిది. జిల్లాకొకటి ఉంటుంది, బ్యాంకులు నడుపుతాయి. టూ వీలర్ మెకానిక్ కోర్సు 30 రోజులు. ట్రైనింగ్, తిండి, వసతి ఉచితం. పైన చెప్పిన కాగితంలో మొదటి, మూడో వరుసలు రెండూ పోతాయి. కొండపి నుంచి, పొదిలి నుంచి వచ్చి షాపుల్లో హెల్పర్లుగా చేరిన పిల్లలుంటే ముందు అక్కడికి పంపండి. అది సొంత షాపు పెట్టుకునే వాళ్లను తయారుచేసే చోటు. రేపు మన దగ్గర నుంచి వెళ్లిపోతాడేమో అన్న భయం మనసులో పెట్టుకోకండి. మనం కూడా ఒకరి షాపులో నేర్చుకుని బయటికొచ్చిన వాళ్లమే.

షాపులో కొత్తగా పిల్లల్ని చేర్చుకుంటుంటే అప్రెంటిస్‌షిప్ కింద రాయించండి. నలుగురి నుంచి 29 మంది దాకా పనిచేసే చోట ఇది మన ఇష్టం, 30 మంది, ఆపైన ఉంటే తప్పనిసరి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్‌లో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. ఆన్‌లైన్‌లో కాంట్రాక్టు చేయడం కాస్త విసుగు పనే. మా వీధిలో మీసేవ నడిపే అమ్మాయి రెండు గంటల్లో చేసిపెట్టింది.

పీఎం విశ్వకర్మ గురించి చాలామంది అడుగుతుంటారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో ట్రైనింగ్ రోజులకు 500 చొప్పున స్టైపెండ్ ఇస్తారు. అంటే రెండో వరుసను కొంతైనా పట్టించుకున్న పథకం. కానీ అందులో ఉన్న 18 వృత్తుల్లో మోటార్ మెకానిక్ లేడు. కమ్మరి ఉన్నాడు. లారీ కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) సాగదీసే కొలిమి పని చేసేవాళ్లు మీ దగ్గర ఉంటే వాళ్ల చేత అడిగించండి. 15,000 దాకా పనిముట్ల సాయం కూడా ఉంది. మెకానిక్‌లు ఆ దరఖాస్తు చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

ఇక కూలి డబ్బు. మేం నాలుగు షాపులతో మొదలుపెట్టాం, ఇప్పుడు 20 షాపులు. షాపుకు నెలకు 300. నెలకు 6,000, ఏడాదికి 72,000. పాట లేదు, కసరు లేదు, అందుకని దీన్ని చీటీ అనం, ట్రైనింగ్ డబ్బు అంటాం. బ్యాంకులో ఇద్దరి సంతకాలతో ఖాతా. ట్రైనింగ్‌కి పోయే మనిషికి కూలి మొత్తం ఇందులోంచే, పోయే ముందు రోజు సగం ఇంట్లో ఆవిడ చేతికి, ఐదో రోజున మిగతా సగం. ఆవిడ చేతికి అన్నది మేం పట్టుబట్టి పెట్టుకున్న నియమం. ఫీజు కూడా కావాలంటే అప్పుగా ఇస్తాం. వడ్డీ లేదు, తిరిగొచ్చాక నెలకు 1,000 చొప్పున తీరుస్తాడు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి 26,000 తెచ్చుకుంటే నెలకు 780 వడ్డీకే పోతుంది. అసలు అట్టాగే ఉంటుంది. డైలీ ఫైనాన్స్ జోలికి అసలు పోనివ్వకండి. ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే అక్కడ తీసుకోవడం దానికన్నా ఎంతో మేలు.

యజమాని కూడా కొంత పెట్టాలి. పదో పరకో కాదు, ఫీజులో సగం. నేర్చుకున్న పని మన షాపులోనే సంపాదిస్తుంది కదా. కొందరు ఫీజు కట్టి, మనిషి చేత రెండేళ్లు బాండు రాయించుకుని, పదో తరగతి సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుంటారు. నాకు అది కడుపు మండే విషయం. ఒకరి కాగితాలు పట్టుకుని పని చేయించడం తప్పు. మేమైతే తెల్లకాగితం మీద మూడు లైన్లు రాసుకుంటాం: ఎవరు ఎంత పెట్టారు, ఏడాదిలోపు మానేస్తే మిగిలిన అప్పు ఎప్పుడు కడతాడు, తిరిగొచ్చాక కూలి ఎంత పెరుగుతుంది. ఆ మూడో లైను లేకపోతే నేను సంతకం పెట్టను. మా మేస్త్రికి 800 నుంచి 950 అయింది.

బ్యాంకు దారి కూడా ఉంది. స్కిల్ లోన్ పథకాన్ని 2024లో మార్చి గరిష్ఠ మొత్తాన్ని లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు, తాకట్టు అడగరు. పెద్ద ఫీజు ఉన్న కోర్సుకైతే అడగండి. పది రోజుల కోర్సుకు అంత తిరుగుడు అనవసరం. కోర్సు అయ్యాక స్కానర్ కొనడానికి మాత్రం ముద్రా లోను చూడండి, అందులో శిశు అనే రకం కింద 50,000 దాకా ఇస్తారు. స్కానర్ లేకుండా స్కానర్ కోర్సు చేయిస్తే నేర్చుకున్నది రెండు నెలల్లో మరిచిపోతాడు.

పెద్ద కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ డబ్బు వృత్తి శిక్షణకు వాడొచ్చని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది. కానీ ఆ డబ్బు షాపులకు నేరుగా రాదు, సీఎస్‌ఆర్-1 అనే ఫారం కింద నమోదైన ట్రస్టో సొసైటీనో ఉండాలి. అసోసియేషన్ పెద్దలు ఆలోచించాల్సిన పని ఇది.

డబ్బు కట్టే ముందు ఒక జాగ్రత్త. మా వీధి కుర్రాడొకడు ఊరవతల ఒక సెంటర్‌లో 9,000 కట్టాడు. రంగురంగుల సర్టిఫికెట్ ఇచ్చారు, దాని మీద క్యూఆర్ కోడ్ లేదు, ఏ కౌన్సిల్ పేరూ లేదు. క్లాసులో చూపించింది పాత బీఎస్3 ఇంజను. రసీదు కూడా ఇవ్వలేదు, అడగడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ముందు మీరే పోయి షెడ్డులోకి తొంగిచూడండి. బీఎస్6 ఇంజను ఉందా, స్కానర్లు ఎన్ని, ఎంతమందికి ఒకటి? పోయిన బ్యాచ్ వాళ్లలో ఇద్దరి నంబర్లు తీసుకుని మాట్లాడండి.

కాగితాల దగ్గర ఎక్కువగా ఆగిపోయేది ఆధార్. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉంటే చాలదు, ప్రభుత్వ డబ్బులు ఏ ఖాతాలో పడాలో ఆ ఖాతాకే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపింగ్ అయి ఉండాలి. బ్యాంకులో ఈ మాటే చెప్పి అడగండి. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు పాతదైతే ఓటీపీ రాదు. మా మేస్త్రి నంబరు ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ముది. దాన్ని మార్పించడానికే ఒక బ్యాచ్ తప్పిపోయింది.

తర్వాతి బ్యాచ్‌కి మేస్త్రిని పినాకిని రైలు ఎక్కించాను. సంచిలో రెండు జతల బట్టలు, ఒక నోటుబుక్కు. పది రోజులూ అక్కడే ఉన్నాడు. వచ్చిన మర్నాడు ఆ నోటుబుక్కు చూపించాడు. ఎర్రర్ కోడ్‌లన్నీ తెలుగులో రాసుకున్నాడు, ఒక్కోదాని పక్కన వైరు రంగులు, సెన్సార్ ఎక్కడుంటుందో చిన్న బొమ్మ. దానికి జిరాక్స్ తీయించి మిగతా ఐదుగురికీ ఇచ్చాను. అసలుది మాత్రం స్కానర్ పెట్టెలోనే ఉంటుంది.