కాగితం పూల తీగతో గుమ్మానికి వలయం, గోడకు పటం

గోదావరి డెల్టాలో ప్రహరీ గోడ మీదో, వీధి గేటు మీదో కాగితం పూల తీగ కనిపించని ఊరు అరుదు. వాసన లేదు కనుక ఈ పూలను జడలో పెట్టుకోరు, పూజకు కూడా సాధారణంగా కోయరు. రాలినవి రాలినట్టే చీపురు కిందికి పోతాయి. ఇంటి అలంకరణకు ఇంత కాలం నిలిచే పువ్వు మన పెరట్లో దొరకడం కష్టమని తెలిస్తే అలా ఊడ్చి పారబోయడానికి చేతులు రావు. రంగుగా కనిపించే మూడు భాగాలూ పూలను చుట్టుకొని ఉండే ఆకులు, వాటిని పుష్పపుచ్ఛాలంటారు. ఒక్కొక్క పుచ్ఛం నడిమి ఈనెకు అంటుకొని సన్నని గొట్టంలా ఉండేదే అసలు పువ్వు. పుచ్ఛం పలుచనిది, నీరు తక్కువ గలది కనుక ఎండిన తరువాత కూడా ఆకారం చెడదు.

కాలువ గట్ల ఊళ్లలోనూ, కోనసీమ లంకల్లోనూ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ పనిలో నేర్పంతా ఆరబెట్టడంలోనే ఉంది. సగం ఆరిన పుచ్ఛాలను అతికిస్తే కొద్ది రోజులకే బూజు పట్టి నల్లని మచ్చలు తేలుతాయి. అందువల్ల వానలు, తుపాన్లు ఉండే నెలల్లో ఈ పని పెట్టుకోకుండా, సంక్రాంతి దాటి ఎండ ముదిరే రోజుల్లో మొదలుపెట్టడం మంచిది. తీగ విరగబూసేది కూడా అప్పుడే. పొద్దున మంచు పూర్తిగా ఆరాక, నడిమి తెల్లపువ్వు విచ్చుకొని వాడిపోయిన గుత్తులనే కోయాలి. ఆ దశలో పుచ్ఛాన్ని వేళ్ల మధ్య రుద్దితే గరగరమని చప్పుడు వస్తుంది. మెత్తగా, చల్లగా తగిలితే ఇంకా కొన్నాళ్లు ఆగాలి. ముళ్లు లోతుగా దిగుతాయి, కొందరికి గీరుకున్న చోట దద్దురు కూడా వస్తుంది కనుక మందపాటి చేతితొడుగులు తప్పనిసరి.

పటానికి వాడే పుచ్ఛాలనుంచి గొట్టపు పూలను గిల్లి తీసివేసి, ఒకదానిమీద ఒకటి పడకుండా పాత వార్తాపత్రికల మడతల్లో పరిచి, పైన పీట వేసి సన్నికల్లు బరువు పెట్టాలి. రెండు రోజులకొకసారి కాగితాలు మార్చాలి. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. సుమారు పది రోజులకు పెళుసుగా ఆరతాయి. ముదురు గులాబీ, ఊదా రంగులు బాగా నిలుస్తాయి, తెల్లవి గోధుమ రంగుకు తిరుగుతాయి కాబట్టి కడియం, కడియపులంక నర్సరీల్లో కొత్త మొక్క కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గుమ్మం వలయానికి పూత అయ్యాక కత్తిరించే పొడవాటి కొమ్మలు చాలు. పచ్చిగా ఉండగానే ముళ్లూ ఆకులూ తీసి, రెండు మూడు కొమ్మలను మెలివేస్తూ గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల కొబ్బరి తాడుతో బిగించి, కుదురుగా నిలిచేవరకు నీడలో వేలాడదీయాలి. ఆరితే కొమ్మ వంగదు, విరుగుతుంది. వలయానికి కట్టే గుత్తులను మాత్రం నొక్కకుండా, తలకిందులుగా దారానికి వేలాడదీసి గాలి ఆడే గదిలో ఆరనిచ్చి, కాడలను అరటినారతో కొమ్మల సందుల్లో కట్టాలి.

పటానికి అట్ట మీద ఫెవికాల్‌ను కుంచెతో పలుచగా రాసి, పుచ్ఛాలను పట్టకారతో అమర్చాలి. జిగురులో నీరు కలపకూడదు. బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బీటాసయనిన్ల జాతి రంగులే వీటిలోనూ ఉన్నాయి. అవి నీటిలో కరిగి అట్టంతా పాకుతాయి. జిగురు పూర్తిగా ఆరాకే అద్దం బిగించాలి, లేకపోతే లోపలి తేమ అద్దానికి ఆవిరై పడుతుంది. గాజు సీసాకు చుట్టూ ఇలాగే అతికించి లోపల చిన్న ఎల్‌ఈడీ దీపం పెడితే ఈనెలన్నీ వెలుగులో తేటగా కనిపిస్తాయి. నూనె దీపం, కొవ్వొత్తి మాత్రం వద్దు, ఎండిన పుచ్ఛం క్షణంలో అంటుకుంటుంది.

పటాన్నైనా వలయాన్నైనా నేరుగా ఎండ తగలని చోట తగిలించాలి. వానాకాలం మొదలయ్యేలోపు వలయాన్ని మెత్తని కుంచెతో దులిపి, తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు వేసిన రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాలి.