అమ్మోనియాలో నీళ్లు పోస్తే పీహెచ్ ఎంత తగ్గుతుంది?

ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తుంటే ఏటా ఇదే తప్పు కనిపిస్తుంది: 0.1 మోలార్ అమ్మోనియా అనగానే పీహెచ్ 13 అని రాసేస్తారు. అది కాస్టిక్ సోడా లెక్క. అమ్మోనియా బలహీన క్షారం. నూటికి ఒకటిన్నర వంతు కూడా అయాన్లుగా మారదు.

25 డిగ్రీల దగ్గర అమ్మోనియా కేబీ (క్షారం ఎంత బలమైనదో చెప్పే స్థిరాంకం) విలువ 1.8 × 10⁻⁵. దాన్ని 0.1తో గుణించి వర్గమూలం తీయండి. 1.34 × 10⁻³ వస్తుంది, అదే హైడ్రాక్సైడ్ గాఢత. దాని లాగరిథమ్ తీసి గుర్తు మారిస్తే పీఓహెచ్ 2.87. 14లోంచి తీసేస్తే 11.13. ఈ చివరి తీసివేత మరిచి, క్షారానికి 2.87 రాసి ఏ టెన్షనూ లేకుండా పేపరిచ్చేసిన మహానుభావులూ ఉన్నారు!

ఇప్పుడు నీళ్లు పోసి పది రెట్లు పలుచన చేయండి. పీహెచ్ 1 తగ్గదు, 0.5 మాత్రమే తగ్గి 10.63 అవుతుంది. అంతా వర్గమూలం మహిమ.

నీళ్లకు బదులు అమ్మోనియం క్లోరైడ్ కూడా 0.1 మోలార్ అయ్యేలా కలిపితే దాదాపు 9.25కి దిగుతుంది. ముందే రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక) వేసి చూడండి, గులాబీ రంగు కళ్లముందే వెలిసిపోతుంది.